చీవిత డి బాన్యొరేజో: 'రాజుగారి స్నానం' కథలో నిజమెంత?

మీరడిగినది కుదించి చెప్పుకుంటే ఇది: రోముకు ఉత్తరాన, ఓర్వియేతో పట్టణానికి దగ్గర్లో, కొండ కొమ్ము మీద ఒంటరిగా నిలబడ్డ చీవిత డి బాన్యొరేజో అనే బుల్లి ఊరికి ఆ పేరెలా వచ్చింది? లొంబార్డుల (మధ్యయుగాల మొదట్లో ఇటలీలో చాలాభాగం ఏలిన జర్మానిక్ జాతి) రాజు దెసిదేరియో ఇక్కడి వేడినీళ్లలో స్నానం చేస్తే జబ్బు నయమైందనీ, అందుకే ఆ పేరనీ గైడు చెప్పింది నమ్మొచ్చా? 'చీవిత' అంటే మన 'జీవితం' అని ఒక వీడియోలో విన్నారు, అదైనా నిజమా?

ముందు జవాబు. బాన్యొరేజో అంటే 'రాజుగారి స్నానశాల' అన్న అర్థం నిజమే. దెసిదేరియో కథ మాత్రం నిలవదు, ఎందుకంటే ఆయన గద్దె ఎక్కడానికి నూటయాభై ఏళ్ల ముందే ఆ పేరు రాతలో ఉంది. చీవితకీ జీవితానికీ చుట్టరికం లేదు. అది 'పట్టణం' అనే పాత లాటిన్ మాట. పేరులోని ఈ రెండు ముక్కలూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. ఊరు చీలిపోయినప్పుడు ఏ ముక్క ఎటు పోయిందన్నదే ఇందులో పట్టించుకోవలసిన విషయం. దానికి కింద వస్తాను.

ఏ ఊరి పేరు గురించైనా మొదట చేయవలసిన పని కథలు వినడం కాదు, పాత రాతల్లో ఆ పేరు కనిపించిన చోట్లన్నీ ఏరి తేదీల వరసలో పెట్టుకోవడం. ఈ ఊరికి ఆ వరస బాగానే దొరుకుతుంది. క్రీ.శ. 600లో పోప్ మొదటి గ్రెగొరీ, క్యూసీ పట్టణపు బిషప్ ఎక్లేసియుస్‌కు రాసిన ఉత్తరంలో 'బాల్నేయుమ్ రేగిస్' (లాటిన్‌లో 'రాజుగారి స్నానశాల') అని ఉంది. అక్కడి చర్చికి బిషప్‌ను నియమించే విషయమై రాసిన ఉత్తరమది. అంటే అప్పటికే అది బిషప్ ఉండదగ్గ ఊరు. తర్వాత 817లో చక్రవర్తి లూయీ, పోప్ మొదటి పాస్కల్‌కు ధ్రువపరచిన ఊళ్ల జాబితాలో ఓర్వియేతో, వితెర్బోల సరసన మళ్లీ అదే 'బాల్నేయుమ్ రేగిస్'. ఆ తర్వాత చర్చి కాగితాల్లో రెండు మాటలూ అతుక్కుని 'బాల్నేయోరేగియుమ్' అయ్యాయి. 14వ శతాబ్దపు మొదట్లో ఇటాలియన్ కవి దాంతే తన 'డివైన్ కామెడీ' కావ్యంలోని 'స్వర్గం' 12వ సర్గలో సెయింట్ బొనవెంతూరా చేత 'నేను బాన్యొరేజో బొనవెంతూరాను' అనిపించాడు. బొనవెంతూరా పుట్టింది ఈ కొమ్ము మీదే. జనం నోట్లో మాత్రం ఊరు 'బాన్యొరేఆ'గా నలిగింది, ప్రభుత్వ కాగితాల్లోనూ 1922 దాకా అదే పేరు. ఆ ఏడాది దాన్ని బాన్యొరేజో అని మార్చారు.

ఇప్పుడు దెసిదేరియోని ఈ వరస పక్కన నిలబెట్టండి. లొంబార్డుల చివరి రాజు, పాలించింది 757 నుంచి 774 వరకు. 774లో ఆయన రాజధాని పావియా కోట ఫ్రాంకుల రాజు షార్లమేన్ చేతికి చిక్కడంతో ఆయన పాలన ముగిసింది. 600 నాటి ఉత్తరంలో ఉన్న పేరుకి 757లో రాజైనవాడు కారణం కాలేడు. ఇంతటితో ఆ కథ అయిపోయింది, భాషాశాస్త్రం దాకా వెళ్లనక్కర్లేదు. కథలోని మనిషి తేదీ, పేరు మొదటిసారి కనిపించిన తేదీ పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికంటే చవకైన పరీక్ష. ఇటలీ కొండ ఊళ్ల కథల్లో చాలాభాగం ఈ మెట్టు దగ్గరే జారిపోతాయి.

మరి దెసిదేరియో ఎక్కడినుంచి ఊడిపడ్డాడు? ఈ వితెర్బో ప్రాంతంలో ఆయన పేరు వాడుకోవడం పాత అలవాటు. వితెర్బోకి చెందిన అన్నియో అనే దొమినికన్ సన్యాసి 15వ శతాబ్దం చివర్లో తన ఊరి గొప్ప చాటడానికి ఏకంగా పాత గ్రంథాలనే సృష్టించి 1498లో రోములో అచ్చు వేయించాడు. దెసిదేరియో జారీ చేశాడంటూ ఒక శాసనాన్ని కూడా అలబాస్టర్ రాతి మీద చెక్కించాడు. ఆ దొంగ శాసనం వితెర్బో పురపాలక మ్యూజియంలో ఉంది, దొంగదని తెలిసే ప్రదర్శిస్తారు. బాన్యొరేజో స్నానం కథకి మూలం ఆయనేనని నేననడం లేదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల చరిత్రలో దెసిదేరియో పేరు వినిపిస్తే రెండుసార్లు చూసుకోండి అంటున్నాను, అంతే.

'అయితే ఆ రాజు ఎవరు?' అని వెంటనే అడుగుతారు. ఉత్తరంలో రాజు పేరు లేదు. ఊహకు మాత్రం ఒక హద్దు గీయొచ్చు. రోమన్ చక్రవర్తులను లాటిన్‌లో 'రెక్స్' (రాజు) అనరు. ఆ మాటంటే రోమన్లకు పాత కాలం నుంచీ పడదు. చక్రవర్తి ఆస్తి అయితే 'సీజరుది', 'అగుస్తుది' అని ఉండాలి. కనుక పేరు పుట్టింది ఇటలీలో 'రాజు' అనిపించుకున్నవాళ్లు ఏలిన కాలంలో అయ్యుండాలి: 493 తర్వాత ఓస్త్రోగోతులు (గోతులనే జర్మానిక్ జాతిలో ఒక శాఖ), లేదా 568లో దిగిన లొంబార్డుల తొలి తరం. రోమన్లకంటే ముందు ఈ ప్రాంతంలో ఉన్న ఎట్రస్కన్ జాతి రాజుల పాత జ్ఞాపకం లాటిన్ పేరులో నిలిచిందనే వాదం కూడా ఉంది. చోటు ఎట్రస్కన్లదే కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. నా మొగ్గు గోతుల కాలం వైపు. 'రాజుది' అన్న మాటను రాజు స్వయంగా వచ్చి మునిగాడని కాకుండా, ప్రభుత్వ ఆస్తి అన్న అర్థంలో తీసుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. రాజుల భూమి, రాజుల అడవి అన్నట్టే రాజుల స్నానశాల.

ఇక 'స్నానం' ముక్క. ఇక్కడ గైడ్లు ఇంకో పొరపాటు కూడా చేస్తుంటారు, 'బాల్నేయుమ్' అనగానే వేడినీటి బుగ్గ అనేస్తారు. లాటిన్‌లో ఆ మాటకి మామూలు స్నానశాల అనే అర్థం, గ్రీకు నుంచి తెచ్చుకున్నది. వేడినీటి బుగ్గలున్న ఊళ్లకు రోమన్లు ఎక్కువగా 'అక్వయ్' (నీళ్లు) అని పెట్టేవారు, ఉత్తర ఇటలీలోని ఆక్వి తెర్మె పేరు అలా వచ్చిందే. అయితే మధ్యయుగాల్లో 'బాన్యో' అన్నది బుగ్గలకీ వాడారు, తోస్కానాలో బాన్యో వీన్యోని అలాంటిదే. ఈ నేల అగ్నిపర్వత నేల కూడాను. పడమటి దిక్కున బొల్సేనా సరస్సు ఉన్నది పాత అగ్నిపర్వతం కుంగిన గోతిలో. దక్షిణాన వితెర్బో దగ్గర బులికామె బుగ్గ 58 డిగ్రీల వేడితో పొంగుతూ ఉంటుంది. అంచేత వేడినీళ్లు అసంభవమేం కాదు. పేరు మాత్రమే చూసి వేడినీళ్లున్నాయని తేల్చేయడం తప్పు.

ధ్వనుల సంగతి కొంచెం నిదానంగా చూద్దాం, తేదీలు దొరకని ఊళ్లకు దిక్కు ఇదే. 'బాల్నేయుమ్'లో ల జనం నోట్లో ముందే జారిపోయింది, మిగిలింది 'బానేయుమ్'. న తర్వాత ఇ గానీ ఎ గానీ, దాని వెంటనే ఇంకో అచ్చు వస్తే ఇటాలియన్‌లో ఆ నకారం మన ఞకారంలా మెత్తబడుతుంది. ద్రాక్షతోట 'వీనేయా' నుంచి 'వీఞ', 'హిస్పానియా' నుంచి 'స్పాఞ' అయినట్టే ఇది 'బాఞో' అయింది. ఇందులో వింతేమీ లేదు.

రెండో సగంలోనే తిరకాసు. లాటిన్‌లో రెండు అచ్చుల నడుమ ఎ గానీ ఇ గానీ ముందున్న గకారం జనం వాడుకలో తరచుగా మాయమవుతుంది: 'మగిస్తెర్' కాస్తా 'మయెస్త్రో', బాణమనే 'సగిత్తా' కాస్తా 'సయెత్తా', రాజు 'రేగెమ్' కాస్తా ఒట్టి 'రే'. ఈ దారిన నడిచినదే 'బాన్యొరేఆ'. అంటే పల్లెలో తరతరాలు నలిగిన రూపం అది. 'రేజో' అలా కాదు. 'రేగియుమ్' జనం నోట్లో సహజంగా మారితే జకారం ఒత్తుతో 'రెజ్జో' కావాలి, రెజ్జో ఎమీలియా ఊరి పేరులో ఉన్నట్టు. ఒంటి జకారంతో 'రేజో' అని ఉందంటే అది లాటిన్ చదివినవాళ్లు కాగితం చూసి నిలబెట్టిన రూపం. కాబట్టి 1922 నాటి మార్పు 'అసలు పేరును తిరిగి తేవడం' అని బోర్డుల మీద చదివితే కాస్త అనుమానంగానే చూడండి. అది కొత్తగా కల్పించినదీ కాదు, దాంతేలో ఉంది కదా. కానీ ఊరివాళ్ల పేరు మాత్రం బాన్యొరేఆయే.

అసలు ఆ రోజుల్లో ఇలా మార్చడం ఒక ఊపులో సాగింది. ఇదే వితెర్బో జిల్లాలో తొస్కనెల్లా 1911లో తుస్కానియా అయింది, కొర్నేతో 1922లో తర్క్వీనియా అయింది. సిసిలీలో జిర్జెంతి 1927లో అగ్రిజెంతో అయింది. అందుకే మ్యాపులో ఇప్పుడున్న పేరు పాతగా వినిపించినంత మాత్రాన అది ఎడతెగకుండా వాడుకలో ఉన్న పేరు అనుకోకూడదు. ఆధునిక పేరు మీద ధ్వని సూత్రాలు ప్రయోగిస్తే తప్పుడు లెక్క వస్తుంది. 1861లో ఇటలీ ఒక్కటైన తర్వాత ఒకే పేరున్న ఊళ్లను వేరుచేయడానికి తగిలించిన తోకలూ అంతే, వాటిలో పాత చరిత్ర వెతకడం వృథా.

ఇప్పుడు చీవిత. లాటిన్ 'కీవితాస్' అంటే పౌరుల సముదాయం, తర్వాత పట్టణం. ఈ ఒక్క మాట ఇటాలియన్‌లో రెండుగా దిగింది. ద్వితీయా విభక్తి రూపం 'కీవితాతెమ్' అరిగి అరిగి 'చిత్తా' అయింది. నేటి ఇటాలియన్‌లో పట్టణానికి ఇదే మామూలు మాట, ఊనిక చివరి అక్షరం మీద. ప్రథమా విభక్తి 'కీవితాస్' చివరి సకారం మాత్రం వదిలేసి 'చీవిత'గా ఊళ్ల పేర్లలో నిలిచిపోయింది, ఊనిక మొదటి అక్షరం మీద. ఇటాలియన్ నామవాచకాలు సాధారణంగా ద్వితీయ నుంచే వస్తాయి, ప్రథమ నుంచి రావడం అరుదు. ఊరి పేరు రోజూ వ్యాకరణం మారుస్తూ వాడే మాట కాదు, గడ్డకట్టిన మాట. అందుకే అలాంటి పాత రూపం అందులో బతుకుతుంది.

అర్థంలో రెండు పొరలున్నాయి. చర్చి లాటిన్‌లో 'కీవితాస్' అంటే బిషప్ పీఠం ఉన్న ఊరు. చీవిత నడిబొడ్డున ఉన్న సాన్ దొనాతో చర్చి ఒకప్పుడు కథీడ్రలే (బిషప్ పీఠం ఉన్న చర్చి), కాబట్టి ఆ అర్థం సరిపోతుంది. రెండోది జనం అర్థం: 'పాత పట్టణం', ఒక్కోసారి 'వదిలేసిన పట్టణం'. తర్క్వీనియాలో ఎట్రస్కన్ల పురాతన నగరం శిథిలాలున్న మైదానాన్ని నేటికీ 'పియాన్ డి చీవిత' అంటారు. మధ్య ఇటలీ మ్యాపులో జనం లేని గట్టు మీద చీవిత అని కనిపిస్తే అక్కడ పాత గోడలేవైనా ఉన్నాయేమో చూడటం మంచి పద్ధతి. 'చీవితెల్లా' దీని బుల్లి రూపం. బాన్యొరేజో పొరుగున చీవితెల్లా దల్యానో అనే ఊరుంది.

జీవితం సంగతి ఇక్కడే తేల్చేద్దాం. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ హల్లులు ఒప్పుకోవు. లాటిన్ మాటలో మొదట ఉన్నది కకారం. లాటిన్ కకారానికి సంస్కృతంలో తరచుగా శకారం జోడీ అవుతుంది, నూరుకి అక్కడ 'కెంతుమ్', ఇక్కడ 'శతం' అన్నట్టు. కాబట్టి 'కీవిస్'కి సంస్కృతంలో బంధువు వెతికితే అది శకారంతో ఉండాలి. ప్రియమైన, మేలైన అనే అర్థంలోని 'శేవ', 'శివ' మాటలను పండితులు ఈ కుదురులోనే పెడతారు. జీవితానికి నిజమైన చుట్టం ఇటాలియన్‌లో ఉంది, అది 'వీత', అంటే బతుకు. లాటిన్ 'వీవుస్', సంస్కృత 'జీవ' ఒకే ధాతువు బిడ్డలు. వీడియోలో చెప్పినాయన చుట్టాన్ని సరిగ్గానే పసిగట్టాడు, ఇల్లు తప్పాడు.

ఇక నేల చూడాలి. ఈ మెట్టు వదిలేస్తే పేరు సగమే అర్థమవుతుంది. ఊరు కూర్చున్నది అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన టఫ్ రాతి పలక మీద. దాని అడుగున ఒకప్పటి సముద్రపు బంకమట్టి. ఇరువైపులా రెండు వాగులు: రియో కియారో అంటే తేట వాగు, రియో తోర్బిదో అంటే మడ్డి వాగు. వాన నీరు బంకమట్టిని కోసుకుపోతుంది, పైనున్న పలకకు ఆసరా పోతుంది, అంచు నిలువునా పగిలి ముక్కగా జారుతుంది. మొదట్లో ఈ ఊరూ, పడమటనున్న రోతా అనే పేటా ఒకే గట్టు మీద, నడుమ మెడలాంటి ఇరుకు నేలతో కలిసి ఉండేవి. బాన్యొరేఆ అంటే మొత్తం. అందులో కథీడ్రల్ ఉన్న పాత భాగం చీవిత, శివారు పేట రోతా.

1695 జూన్ 11న భూకంపం వచ్చింది. దాని తర్వాత బిషప్, పుర పాలన రోతాకి తరలిపోయారు, వాళ్ల వెంట జనం. పేరు కూడా జనంతోనే వెళ్లింది. రోతా పేటే బాన్యొరేజో అయింది, ఆ పేట పేరు వాడుకలో మరుగున పడింది. రాజుల కాలం నుంచి ఆ పేరు మోసిన కొమ్ముకు మిగిలింది 'పట్టణం' అనే సామాన్య నామం ఒక్కటే, దానికి 'బాన్యొరేజో వారిది' అని తోక. ఇవాళ ఏడాది పొడుగునా అక్కడ ఉండేవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పేరు మాత్రం 'పట్టణం'. మెడ నేల కొట్టుకుపోగా, దాని బదులు 1965లో కట్టిన దాదాపు 300 మీటర్ల కాలినడక వంతెనే దారి.

దీన్ని ఒక్క ఊరి వింతగా చూడకండి, ఈ ప్రాంతమంతా ఇదే పద్ధతి. మీరు రైలు దిగే ఓర్వియేతోనే తీసుకోండి. ఎట్రస్కన్ల వెల్జ్నా నగరం అక్కడే ఉండేదని నేడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. క్రీ.పూ. 264లో రోమన్లు దాన్ని పడగొట్టి మిగిలినవాళ్లను సరస్సు ఒడ్డుకి తరిమారు. పేరు వాళ్లతో వెళ్లి 'వొల్సీనీ' అయి, నేటి బొల్సేనాగా ఉంది. పాత కొండకు చివరికి దక్కింది 'ఉర్బ్స్ వేతుస్', పాత ఊరు, అదే ఓర్వియేతో. తీరంలో చీవితవెక్కియా అంటే కూడా 'పాత పట్టణం'. 9వ శతాబ్దంలో సారసెన్ల (అరబ్బు ముస్లింల) దాడులకు జడిసి జనం లోపలికి వెళ్లిపోయి, 854లో పోప్ నాలుగో లియో కట్టించిన కొత్త ఊళ్లో ఉండి, మళ్లీ పాత రేవుకు తిరిగొచ్చాక వచ్చిన పేరది. 'పాత', 'పట్టణం' లాంటి ఒట్టి మాటలే పేరుగా ఉన్న ఊరు కనబడితే, దాని అసలు పేరు ఎటు నడిచి వెళ్లిందో చుట్టుపక్కల పాతిక ముప్పై కిలోమీటర్లలో వెతకండి.

చీవితకు ఇప్పుడు తగిలించే 'చచ్చిపోతున్న ఊరు' అన్నది పాత పేరేమీ కాదు. బాన్యొరేజోలో పుట్టిన రచయిత బొనవెంతూరా తెక్కి 20వ శతాబ్దంలో అన్న మాట, పర్యాటక బోర్డులు పట్టుకున్నాయి.

ఉచ్చారణ గురించి మీరడగలేదు గానీ వీడియోల్లో ఎక్కువగా దెబ్బతినేది అదే. 'సివిటా' కాదు, చీవిత, ఊనిక మొదటి అక్షరం మీద. 'బాగ్నోరెజియో' కాదు. ఇటాలియన్ స్పెల్లింగులో జి, ఎన్ జంటగా వస్తే మన ఞకారం పలకాలి, గకారం వినపడదు. చివర్లో ఐ అక్షరం ఉన్నది జకారం పలికించడానికే, దాన్ని విడిగా పలకరు. బాన్యొరేజో, ఊనిక 'రే' మీద.

ఇంకా లోతుకు వెళ్లాలనుకుంటే ఒక్క పేరుతో వెతికితే సగం సమాచారం తప్పిపోతుంది. 1922కి ముందు అచ్చయిన పుస్తకాల్లో, మ్యాపుల్లో బాన్యొరేఆ అని వెతకండి. చర్చి పత్రాల్లో బాల్నేయుమ్ రేగిస్, బాల్నేయోరేగియుమ్, డయోసీసు (బిషప్ పాలించే చర్చి ప్రాంతం) పేరుగా 'బాల్నేయోరేగియెన్సిస్' అన్న రూపాలు వేసి చూడండి. 1986లో ఆ డయోసీసును వితెర్బోలో కలిపేశారు కాబట్టి తర్వాతి కాగితాలు వితెర్బో పేరు కింద ఉంటాయి. ఒట్టి 'చీవిత' అని మాత్రం వెతకొద్దు. కలాబ్రియాలో కోజెంత్సా దగ్గర అల్బేనియన్ మూలాల వాళ్లుండే చీవిత, అబ్రుత్సోలో చీవిత దాంతీనో, ఇలా ఇంకా చాలా ఉన్నాయి. వాటి సమాచారం దీంట్లో కలిసిపోయిన వ్యాసాలు ఇంటర్నెట్‌లో కొల్లలు.